సుంకులమ్మ కట్టిన ఎర్రగుడ్డ

వానలు పడేలోగా తాతకు రాతిగది కట్టాలి. ఆ వేసవంతా ఓబులేశుకు ఇంకో ధ్యాస లేదు.

తాత అంటే కన్నతాత కాదు, గురువు. అసలు పేరు మారెప్ప. ఆ పేరు చెప్పి అడిగితే నీలమడుగు ఒడ్డున ఎవరికీ తెలియదు, కొంకితాత అంటే మాత్రం పసిపిల్లలు కూడా దారి చూపిస్తారు. ఒకప్పుడు మడుగులోంచి కొంకికర్రతో రాయి లాగిన మనిషి. ఎప్పుడు, ఎందుకు ఆ పని వదిలేసి దిబ్బ మీద గుడిసె వేసుకుని కూర్చున్నాడో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. జనం వచ్చి కూర్చునేవాళ్ళు. ఆయన మాట్లాడితే వినేవాళ్ళు, మాట్లాడకపోతే ఊరికే కాసేపు కూర్చుని వెళ్ళేవాళ్ళు. 'మీరు' అని పిలిస్తే ఎవరినో అన్నట్టు వెనక్కి తిరిగి చూసేవాడు. అందుకని శిష్యులు కూడా నువ్వనే పిలిచేవాళ్ళు.

రెండేళ్ళుగా వానాకాలం వచ్చిందంటే తాతకు దగ్గు పట్టుకునేది. గుడిసె పైకప్పు ఎన్నిసార్లు కప్పినా నాలుగు చోట్ల కారేది. కిందటేడు వైద్యుడు నంజుండప్ప వచ్చి నాడి చూశాడు. బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుంటూ ఓబులేశును పక్కకు పిలిచాడు.

"ఇంకో వానాకాలం ఈ తడిలో గడిపితే మనిషి దక్కడు. పొడిగా ఉండే చోటు చూడు" అన్నాడు.

ఓబులేశు పదేళ్ళుగా శిష్యుడు. అంతకుముందూ ఆ తర్వాతా కొంకివాడే. మడుగు మొత్తం మీద తనంత వేగంగా రాయి తీసేవాడు లేడని అతనికి తెలుసు, ఆ సంగతి నలుగురికీ తెలిసేటట్టే నడిచేవాడు. తాత దగ్గరికి వెళ్ళి, "నేనుండగా నువ్వు తడిలో పడుకోవడమేంది తాతా, వచ్చే వానలకు రాతిగది కడతాను" అన్నాడు.

తాత విన్నాడు. "కడతానంటే కట్టు" అన్నాడు, అంతే.

నీలమడుగు పేరుకే మడుగు. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడదు. అడుగున నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, అలలకు అంచులు విరిగి పలకలుగా విడిపోతుంది. కొండల్లో రాయి లేక కాదు, కొండరాయిని పగలగొట్టాలి, బండ్ల మీద దించాలి. మడుగురాయి కోసి పెట్టినట్టే ఉంటుంది, పడవ వేసుకుని వెళ్ళి తెచ్చుకోవడమే. ఒకడు గడ నాటి పడవను కదలకుండా పట్టుకుంటాడు. ఇంకొకడు మునిగి పలక అంచు కింద కొంకి తగిలిస్తాడు. ఇద్దరూ కలిసి పైకి లాగుతారు. ఆ చుట్టుపక్కల ఇళ్ళ గోడలు, బావుల ఒరలు, మసీదు మెట్లు, అన్నీ అట్లా పడవల మీద వచ్చినవే. ముసలివాళ్ళ చిన్నతనంలో డెబ్బై పడవలు తిరిగేవట.

ఆ డెబ్బై పడవల కాలంలోనే ఒడ్డున ఉన్న పాతపాలెం అనే ఊరు పోయింది. లోతుకు పోవడం ఎందుకు శ్రమ అని కొంకివాళ్ళు ఒడ్డు దగ్గరి పలకలన్నీ ఏరేశారు. ఒడ్డేమో రేగడిమట్టి. అలకు తగలడానికి రాయి లేకపోతే మట్టినే తింటుంది. ఒక ఆషాఢంలో నలభై ఇళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి.

అప్పుడు పెట్టుకున్నారు కట్టుబాటు. ప్రతి మాఘమాసంలో, పని మొదలుపెట్టే ముందు, కొంకివాళ్ళు తమ గడలు తీసుకుని నీళ్ళకు అందరికంటే దగ్గరగా ఉన్న ఇంటికి వెళ్ళాలి. ఆ ఇంటి ఆడమనిషి తన పాత ఎర్రచీర చింపి, గడ పక్కన నిలబడి, తన గుండెల ఎత్తున ఒక పీలిక కడుతుంది. గడ నాటినప్పుడు ఆ గుడ్డ మునిగితే అక్కడ రాయి తీసుకోవచ్చు. గుడ్డ కనపడుతుంటే అది ఒడ్డురాయి, ముట్టుకోకూడదు. దానికి కాగితం లేదు, కాపలా లేదు. అందరూ పాటించేవాళ్ళు.

ఆ ఏడు గుడ్డ కట్టింది సుంకులమ్మ. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ఒడ్డు మీద ఒంటి గుడిసె, రెండు మేకలు, గుడిసె పక్కనే మొగుడి సమాధి. పడవవాడు కదా, నీళ్ళు కనపడేచోటే పెట్టమన్నాడట. రోజూ సాయంత్రం ఆమె అక్కడ దీపం పెట్టి, ఆ రోజు జరిగిందంతా అతనికి చెప్పేది. మేక కుంటితే అదీ చెప్పేది. ఓబులేశు గడకు ముడి వేస్తూ, "మీ తాతకు గది కడుతున్నావంట కదా నాయనా. నీ కడుపు చల్లగుండ" అన్నది.

ఫాల్గుణం, చైత్రం, వైశాఖం. ఓబులేశు, అతని జోడు లింగన్న కలిసి రాయి తెచ్చారు. దిబ్బ మీద గోడలు గుండెల ఎత్తుకు లేచాయి. జ్యేష్ఠంలో రెండు జల్లులు ముందుగా పడ్డాయి. లింగన్న ఆకాశం చూశాడు, చేను గుర్తొచ్చింది.

"దుక్కి దున్నాలన్నా. నేను పోతా" అన్నాడు.

మిగతా కొంకివాళ్ళు కూడా పడవలు ఒడ్డెక్కించి పొలాలకు పోయారు. ఓబులేశు ఒక్కడే మిగిలాడు. లోతులో ఒక్కడివల్ల అయ్యే పని కాదది. గడ పట్టుకుంటే మునగలేడు, మునిగితే పడవ పట్టేవాడు లేడు. గోడకు ఇంకా మూడు వరసలు కావాలి, కప్పుకు పెద్దపలకలు కావాలి. నైరుతి మూల రోజూ మబ్బు కడుతోంది. పాత గుడిసెలో తాత అప్పుడే దగ్గుతున్నాడు.

ఒక పొద్దున గడ నాటి చూశాడు. గుడ్డ నీళ్ళ పైన జానెడు ఎత్తున కనపడింది. ఓబులేశు పడవ అంచు మీద కూర్చుని ఆలోచించాడు. మాఘంలో ఇదే చోట గుడ్డ మునిగింది. వేసవికి నీళ్ళు తగ్గాయి గానీ చోటు మారలేదు కదా. నీళ్ళు దిగితే గుడ్డ కూడా దిగడం న్యాయం. ఇందులో తప్పేముంది? ముడి విప్పి, జానెడు కిందికి కట్టాడు.

తప్పు లేదన్నది నిజమే, ఆ మొదటి జానెడు వరకు. ఐదు రోజులకు ఇంకో జానెడు దించాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు దించాడో అతనే లెక్క పెట్టుకోలేదు. మోకాళ్ళ లోతులో రాయి తీయడం ఎంత సుఖమో అప్పుడు తెలిసొచ్చింది. కొంకి అక్కరలేదు, వంగి ఎత్తి పడవలో పెట్టుకోవడమే. వెడల్పయిన పలకలు, ఎవరి చెయ్యీ పడనివి. ముడి విప్పడం కూడా సులువే. సుంకులమ్మ వేసింది ఒంటిముడి.

ఆమె ఒడ్డు మీద నుంచి చూసి చెయ్యి ఊపేది. ఒక మధ్యాహ్నం చెంబుతో మజ్జిగ తెచ్చి, నీళ్ళలోకి నాలుగడుగులు దిగి అందించింది.

"ఒక్కడివే కష్టపడుతున్నావు నాయనా."

ఓబులేశు తాగి చెంబు తిరిగి ఇచ్చాడు. మజ్జిగలో అల్లం నూరి వేసింది ఆమె.

ఆషాఢం రెండో రోజుకు కప్పు పడింది. నాలుగో రోజు వాన మొదలైంది. ఓబులేశు తాతను చెయ్యి పట్టుకుని కొత్తగదిలోకి తీసుకొచ్చి, మంచం వేసి కూర్చోబెట్టాడు. బయట వాన దబదబా కొడుతోంది.

"ఎట్లుంది తాతా?"

తాత పైకి చూశాడు. "కారడం లేదు" అన్నాడు.

వారానికల్లా దగ్గు తగ్గింది. నంజుండప్ప వచ్చి నాడి చూసి, గోడలు తట్టి, "నువ్వు నాకంటే మంచి వైద్యుడివిరా" అని వెళ్ళిపోయాడు. ఓబులేశుకు కాళ్ళు భూమ్మీద నిలవలేదు.

పున్నమికి రెండు రోజుల ముందు గాలి తిరిగింది. మడుగు మీద అలలు ఒక రోజంతా లేచి పడ్డాయి. మర్నాడు తెల్లవారాక ఒక గొర్రెలకాపరి వచ్చి చెప్పాడు. సుంకులమ్మ ఒడ్డు జారిపోయింది.

తాత లేచి కంబళి కప్పుకున్నాడు. వద్దన్నా వినలేదు. దారంతా బురద. ఊతగా ఉంటుందని ఓబులేశు పడవ గడ పట్టుకున్నాడు, తాత అతని భుజం పట్టుకున్నాడు.

గుడిసె సగం నీళ్ళలోకి వంగి ఉంది. పొయ్యి, కుండలు లేవు. మేకలను ఆమె ముందే విప్పింది కాబట్టి అవి బతికాయి. సమాధి ఉన్న చోట ఏమీ లేదు. మట్టి అడ్డంగా కోసేసినట్టు తెగి ఉంది, దాని కింద బురదనీళ్ళు కొట్టుకుంటున్నాయి.

సుంకులమ్మ తడినేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"నిన్న సాయంత్రం చెప్పినాను సామీ ఆయనకు. గాలి ఎక్కువుంది, భయపడొద్దు అని" అన్నది.

తాత కాసేపు ఆమె పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఓబులేశు చేతిలోని గడ తీసుకుని నేలలో నాటి, ఆమె చేతికి పట్టించాడు.

"దీన్ని పట్టుకుని లేమ్మా."

ఆమె రెండు చేతులతో గడ పట్టుకుని లేచి నిలబడింది. చూపు నీళ్ళ మీదే ఉంది. గడకు కట్టిన ఎర్రగుడ్డ ఆమె మోకాలి దగ్గర ఉంది.

తాత ఆ గుడ్డను చూశాడు. తర్వాత ఓబులేశును చూశాడు. కంబళి తీసి సుంకులమ్మకు కప్పి, ఆమెను, మేకలను తీసుకుని దిబ్బకు నడిచాడు.

ఆమెను పాత గుడిసెలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తాత గదిలోకి వచ్చాడు. తలెత్తి కప్పు చూస్తూ, "ఏవి?" అన్నాడు.

ఓబులేశుకు అర్థమైంది. "ఏవంటే?" అన్నాడు.

తాత కప్పు మీంచి చూపు తిప్పలేదు. అట్లాగే నిలబడ్డాడు. చలికి దగ్గు మొదలైంది, దగ్గుతూనే నిలబడ్డాడు. ఓబులేశు ఇక ఉండలేకపోయాడు. గోడ దగ్గరికి వెళ్ళి, పై మూడు వరసల మీద చెయ్యి పెట్టాడు. మంచం ఎక్కి కప్పు పలకలను ఒక్కొక్కటిగా ముట్టుకుంటూ వచ్చాడు. ఒక్కదాన్ని మాత్రం వదిలేసి మంచం దిగాడు. అది తాత తలవైపు పైన ఉన్న పలక.

తాత ఎదురుచూస్తున్నాడు.

"అదొక్కటీ ఉండనీ తాతా. నీ తల తడవకుండా" అన్నాడు ఓబులేశు.

"ఎప్పుడు తెచ్చావు దాన్ని?"

ఓబులేశు నేల చూస్తూ, "ఆమె మజ్జిగ ఇచ్చిన రోజు" అన్నాడు.

మూలన ఓబులేశు కొంకికర్ర ఆనించి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ పని ముట్టని తాత దాన్ని అందుకున్నాడు. కొంకి తగలాల్సిన చోటే తగిలింది. తలవైపు పలక అంచు కదిలి, సందులోంచి వాననీళ్ళు మంచం మీద పడ్డాయి.

"పట్టుకో" అన్నాడు. "పడవ దించు."

తెగిన ఒడ్డు దగ్గరికి వచ్చాక ఓబులేశు పలకను నీళ్ళలోకి దొర్లించబోయాడు.

"ఆగు. పాచి పట్టిన వైపు పైకి. ఎక్కడ తీశావో అక్కడ."

"గుర్తులేదు తాతా."

"తీసేటప్పుడు చూడలేదా?"

"లేదు."

"ఇప్పుడు చూడు."

ఓబులేశు నీళ్ళలోకి దిగాడు. వానకు మడుగు పెరిగి నడుము దాకా వచ్చింది, బురదనీళ్ళలో కన్ను పనిచేయదు. పాదాలతో తడుముకుంటూ తిరిగాడు. చాలాసేపటికి అడుగున ఒక గుంట తగిలింది, పలకంత వెడల్పు, అంచులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. పలకను దించి అందులో కూర్చోబెట్టాడు. అది కదలకుండా కూర్చుంది. తలెత్తి చూస్తే తాత పడవలో గడ పట్టుకుని ఉన్నాడు, ఒళ్ళంతా తడిసి.

పదకొండు రోజులు అదే పని. కబురు పంపితే లింగన్న వస్తాడు, తాత పంపనివ్వలేదు. తనే వచ్చి గడ పట్టేవాడు. ఆరో రోజు నంజుండప్ప వచ్చి సగం పీకిన కప్పు చూసి, తాత నాడి చూసి, ఓబులేశు మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు పడవలో ఓబులేశు తాత కాళ్ళు పట్టుకున్నాడు.

"తప్పు నాది తాతా. ఆమెకు నేను ఇల్లు కడతాను. వేసవి రానీ, లోతులోంచి పదింతల రాయి తెచ్చి ఆ ఒడ్డుకు వేస్తాను. మిగిలిన కప్పు ఉండనీ. నువ్వు పోతే నేనేం కావాలి?"

తాత అతన్ని ఏడవనిచ్చాడు. దగ్గు తగ్గాక అన్నాడు.

"నాకు గోడ కట్టాననుకుంటున్నావు. అది సుంకులమ్మ గోడేరా. చోటు మార్చావు."

చివరికి గదిలో మిగిలింది గుండెల ఎత్తు గోడలు. వాటి మీద వాసాలు వేసి గడ్డి కప్పారు. గడ్డి కారింది. శ్రావణ భాద్రపదాలు తాత, సుంకులమ్మ, రెండు మేకలు ఆ గోడల మధ్యే గడిపారు. మేకలు గోడెక్కి కప్పులో గడ్డి లాక్కుని తినేవి. తాత నవ్వేవాడు, నవ్వితే దగ్గొచ్చేది.

ఒకరోజు సుంకులమ్మ ఆయనకు కషాయం ఇస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా ఒడ్డు కోసం నీ గది పీకేసినావు సామీ" అన్నది.

"నాది కాదమ్మా" అన్నాడు తాత.

సాధువుల మాట అట్లాగే ఉంటుందనుకుని ఆమె దండం పెట్టింది. ఆ పక్కనే గడ్డి సర్దుతున్న ఓబులేశు తల దించుకున్నాడు. తాత అతని వైపు చూడనైనా చూడలేదు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వానలు వెనకపట్టాయి. తిరిగి వేసిన పలకల వెనక మట్టి మెల్లగా నిలిచింది, గట్టు మీద గరిక లేచింది. తాత దగ్గు మాత్రం నిలవలేదు. కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఓబులేశును దగ్గరికి రమ్మన్నాడు.

"నన్ను ఆ ఒడ్డు మీద పెట్టు. సుంకులమ్మ మొగుడు ఉన్నచోట."

"అక్కడ వద్దు తాతా. ఆ ఒడ్డు నిలుస్తుందో లేదో."

"అందుకే" అన్నాడు తాత.

అక్కడే పెట్టారు. ఓబులేశు తన చేతులతోనే మట్టి వేశాడు. సుంకులమ్మ గుడిసెను కూడా అతనే మళ్ళీ నిలబెట్టాడు. సాయంత్రాలు ఆమె తాతకు ఒక దీపం పెట్టేది. మొగుడికి ఒకటి పెట్టేది, దాన్ని నీళ్ళ అంచున.

మాఘం వచ్చింది. కొంకివాళ్ళు గడలు భుజాన వేసుకుని సుంకులమ్మ ఇంటికి వచ్చారు. నీళ్ళకు దగ్గరి ఇల్లు ఇప్పటికీ ఆమెదే. పాత ఎర్రచీర బయటికి తెచ్చి, ఒక్కొక్క పీలికే చింపి, ఒక్కొక్క గడ పక్కన నిలబడి కట్టింది. కట్టించుకున్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పడవల వైపు దిగిపోయారు. ఓబులేశు అందరికంటే వెనక నిలబడ్డాడు.

అతని గడకు కిందటేటి గుడ్డ కూడా లేదు. సుంకులమ్మ గడ పక్కన నిటారుగా నిలబడి, గుండెల దగ్గర పీలిక చుట్టి, ఎప్పటిలాగే ఒక ముడి వేసింది.

"ఇంకో ముడి వెయ్యి అవ్వా."

"ఎందుకు నాయనా? దీన్ని ఎవరు విప్పుతారు?"

"నేను" అన్నాడు ఓబులేశు.

సుంకులమ్మ చెయ్యి గుడ్డ మీదే ఆగింది. అతని మొహం చూసింది. తర్వాత గట్టు వైపు చూసింది, గట్టు కింద నీళ్ళ వైపు చూసింది. కింద పడవల దగ్గర లింగన్న ఓబులేశును పేరు పెట్టి పిలుస్తున్నాడు. అతను కదల్లేదు.

ఆమె గుడ్డ కొసలు రెండూ దగ్గరికి తీసి, గట్టిగా బిగించి రెండో ముడి వేసింది. మిగిలిన కొసలు అతని చేతిలో పెట్టింది.

"మూడోది నువ్వెయ్యి."